సిమెంటు కట్టు

తెల్లారితే పోతురాజు తన బావమరిది సూరయ్య తల పగలగొట్టడానికి పక్క ఊరికి వెళ్లాలి.

సముద్రంలో ఇద్దరి వలలూ చిక్కుపడ్డాయి. చిక్కు తీసే ఓపిక లేక సూరయ్య కత్తి పెట్టి బావ వల కోసేశాడు. అది ఊళ్లోకి వచ్చిన మొదటి నైలాను వల. ఆ సాయంత్రమే పోతురాజు ఒడ్డున అందరి ముందూ గంగమ్మ మీద ఒట్టేశాడు. కుర్రకారు బరిసెలు నూరుకుంటూ అతని వెనక నిలబడ్డారు.

లక్ష్మణమ్మకి ఇటు మొగుడు, అటు తోడబుట్టినవాడు. మొగుణ్ణి కాళ్లావేళ్లా పడి బతిమాలింది.

"ఒట్టేసినోణ్ణి. నలుగురిలో నా మొకం ఏటి సేసుకోమంటావే?" అని పోతురాజు విదిలించుకుని పోయాడు.

తెల్లవారుతూనే, ఇంకా బయల్దేరకముందే, ఒడ్డునున్న పడవ మీంచి దూకబోయి పడ్డాడు. కాలు పట్టుకుని ఒకటే గోల. ఎముకలు సరిచేసే తవిటమ్మని పిలుస్తామంటే వద్దంటే వద్దన్నాడు. శ్రీకాకుళం తీసుకెళ్లమన్నాడు. బండి కట్టారు.

అరసవల్లి దారిలో ఉన్న డాక్టరు అందర్నీ బయట ఉంచి కాలు చూశాడు. చాలాసేపటికి గానీ లక్ష్మణమ్మని లోపలికి పిలవలేదు. తెల్లటి పొడి పట్టించిన గుడ్డని నీళ్లలో ముంచి కాలికి చుడుతున్నాడు. కట్టు వెచ్చబడుతోందని మొగుడు అనేసరికి ఆమె బెదిరింది.

"సున్నవా బాబూ? కాలు ఉడికిపోద్దేమో."

సున్నం కాదన్నాడు డాక్టరు. జిప్సం అనే రాతిని కాల్చి, అందులోని తడిని ఎగరగొట్టి చేసిన పొడి అట. బొమ్మలు పోతపోసేదీ దాంతోనేనట. మళ్లీ నీళ్లు తగిలితే వాటిని తాగేసి, వేడెక్కి, రాయిలా బిగుసుకుపోతుందట.

"నెలన్నర దాకా ఇది తడవకూడదు. సముద్రం వైపు వెళ్లనివ్వకు" అన్నాడు.

లక్ష్మణమ్మ తలూపి, లోలోపల గంగమ్మకి కోడిపుంజుని మొక్కుకుంది. మొగుడి కాలు విరిగినందుకు మొక్కుకున్న ఆడది లోకంలో తనొక్కతే కాబోలని సిగ్గుపడింది కూడా.

పోతురాజు ఇంటి ముందు కాలు చాపుకుని కూర్చుని, వచ్చిన ప్రతివాడి ముందూ పళ్లు నూరేవాడు. ముందుండి నడిపించేవాడు లేక కుర్రకారు చల్లబడ్డారు. ఈలోగా పెద్దలు కూర్చుని తగువు తీర్చారు. సూరయ్య కోసిన వలని తన చేత్తోనే అల్లి తెచ్చి బావ ముందు పెట్టాడు. పోతురాజు మొహం తిప్పుకున్నాడు గానీ వల మాత్రం తీసుకున్నాడు.

"ఆడి కాలు బాగుంటే సూరయ్య పేణం దక్కేది గాదు" అని ఊరంతా చెప్పుకుంది.

నెలన్నరకి డాక్టరు కట్టు కోసి తీశాడు. పోతురాజు లేచి, కాలు కాస్త బిగుసుకున్నా, కర్ర సాయం లేకుండానే బండి దాకా నడిచాడు.

లక్ష్మణమ్మ డాక్టరుకి చేతులెత్తి దండం పెట్టింది.

"ఇరిగిన ఎముకని ఎంత బాగా అతికించేవు బాబూ."

డాక్టరు చేతులు కడుక్కుంటూ అన్నాడు: "ఎముక విరిగితేగా అమ్మా, బావమరిది మీద చెయ్యెత్తలేను, ఎలాగైనా ఓ కట్టు కట్టమని నీ మొగుడే నా కాళ్లు పట్టుకున్నాడు."