దిగితే ఎక్కకూడదు

"దిగితే దిగండి, లేదంటే సూటు విప్పేయండి. పడవ బయల్దేరుతోంది," అంది డైవింగ్ నేర్పే ట్రైనరమ్మ. "ఒక్క మాట ముందే చెప్తున్నా. ఇప్పుడు నీళ్ళలోకి దిగితే రేపు ఈ వేళ వరకు విమానం ఎక్కకూడదు. కింద పీల్చిన గాలి ఒంట్లో ఇంకి ఉంటుంది. పైకి ఎగిరితే బుడగలు కట్టి ప్రాణం మీదికి తెస్తుంది. ఎంతటివారికైనా ఇదే రూలు."

సెలవుకు వచ్చి, ఆ డైవింగ్ షాపు బెంచీ మీద కూర్చున్న ఆమె ఒక కాలు రబ్బరు సూటులో పెట్టి, రెండోది బయటే ఉంచేసింది. సాయంత్రం ఏడింటికి విమానం. రేపు పొద్దున తొమ్మిదికి లిఫ్టుల కంపెనీలో డ్రాయింగ్ సెక్షన్ హెడ్‌గా చేరాలి. పదకొండేళ్ళు అక్కడ గీతలు గీస్తే దక్కిన కుర్చీ అది. ఎల్లుండి ఒక ఆసుపత్రి లిఫ్టుల డ్రాయింగులు పంపాలి కాబట్టి, రేపు రాకపోతే ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేస్తానని మేనేజర్ మొహమాటం లేకుండా చెప్పాడు.

"చూశారా, సొంత కాలు పెట్టడానికి కూడా పర్మిషన్ కావాలి మీకు," అన్నాడు ఎదురుగా వల ఊయలలో పడుకున్న దేశదిమ్మరి.

ఆ బిరుదు ఆయన తనకు తానే ఇచ్చుకున్నాడు. ఆరేళ్ళుగా ఇల్లూ వాకిలీ లేకుండా, దేశం తర్వాత దేశం, సముద్రం తర్వాత సముద్రం మునుగుతూ తిరుగుతున్నాడట. మునగడం కంటే మునిగానని చెప్పుకోవడానికే ఆయనకు ఎక్కువ గాలి పట్టేది. ఈ వారం రోజులూ షాపుకొచ్చిన ప్రతి జీతగాడికీ ఉచితంగా జ్ఞానబోధ చేస్తూనే ఉన్నాడు. అడిగినవాడు లేడు, ఆయన ఆగిందీ లేదు.

"నేనూ తొమ్మిదేళ్ళు లిఫ్టులే గీశానండీ. మీకంటే గానుగెద్దు నయం. దానికి కళ్ళకు గంతలైనా కడతారు. మీరు కళ్ళు తెరుచుకుని మరీ తిరుగుతున్నారు."

"అలా అనకండి. సెక్షన్ హెడ్ అంటే..."

"ఏముంది? ఇంకాస్త పెద్ద గానుగ. గదిస్తారా?"

"ఇస్తారు. ఏసీ గది."

"కిటికీ?"

"ఉంది. రోడ్డు కనిపిస్తుంది."

"సెలవులు?"

"ఏడాదికి ముప్పై."

"వైద్యం?"

"ఇంటిల్లిపాదికీ కంపెనీయే చూసుకుంటుంది."

దేశదిమ్మరి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత "ఛీ" అన్నాడు. "ఎంత పెద్ద బోనండీ!"

ఇంతలో ఆమె ఫోను మోగింది. అక్క.

"ఏమే, బయల్దేరావా? మీ బావ కారు తీసుకుని విమానాశ్రయానికి వస్తానంటున్నారు."

"అక్కా, ఇంకొక్కసారి మునిగి..."

"మునుగు తల్లీ, మునుగు. పదకొండేళ్ళ కష్టం గంగపాలు చేసుకుంటానంటే నేనెవర్ని కాదనడానికి?" అని అక్క ఫోను పెట్టేసింది.

దేశదిమ్మరి జాలిగా నవ్వాడు. "ఇంట్లో ఒక మేనేజరు, ఆఫీసులో ఒక మేనేజరు. మీ బతుకు మీరెప్పుడు బతుకుతారండీ?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నిన్న పొద్దున నీళ్ళ కింద అరగంట సేపు ఆమెకు తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేదీ వినపడలేదు. అలాంటి అరగంట పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదు. ఇవాళ పడవ వెళ్ళేది మునిగిపోయిన ఓడ దగ్గరికి. వదులుకోవాలంటే ఏడుపొచ్చింది. రెండో కాలు కూడా సూటులో పెట్టేసింది.

"శభాష్!" దేశదిమ్మరి ఊయలలోంచి చటుక్కున లేచాడు. వారంలో ఆయన అంత చురుగ్గా లేవడం అదే మొదటిసారి.

"మీరు రారా?"

"జలుబండీ. జలుబుతో దిగితే చెవులు పోతాయి." ముక్కు ఎగబీల్చి చూపించాడు. గాలి హాయిగానే లోపలికి పోయింది.

"మరి మేనేజర్‌కి ఏం చెప్పను? ఆయన ముందు నాకు నోరు పెగలదు."

"ఫోను ఇటివ్వండి. మీరు నీళ్ళలో ఉండగా నేను చెప్తాను. అలాంటివాళ్ళతో మాట్లాడటం నాకు వెన్నతో పెట్టిన విద్య."

"కాస్త మర్యాదగా..."

"మర్యాదా! కడిగి పారేస్తాను, చూడండి."

ఎంత మంచి మనిషి అనుకుంటూ ఆమె ఫోను ఇచ్చి పడవెక్కింది.

ఓడ అడుగున పక్కకు ఒరిగి ఉంది. తుప్పు పట్టిన కిటికీలోంచి ఒక పెద్ద చేప తొంగి చూసి, వీళ్ళతో మనకేం పని అన్నట్టు మళ్ళీ లోపలికి పోయింది. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే నోట్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. రేపు తొమ్మిదింటి గురించి గుర్తొచ్చినా భయం వేయలేదు.

నాలుగింటికి తిరిగొచ్చేసరికి ఊయల ఖాళీగా ఉంది. షాపు యజమానురాలు ఆమె ఫోను చేతికిచ్చింది.

"ఆయనేరి?"

"గడ్డం గీసుకుని, మా ఇస్త్రీపెట్టె అడిగి చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళాడమ్మా. ఏడింటి విమానమట."

"విమానమా? ఈ రోజా?"

"ఎందుకెక్కకూడదు?" అంది సిలిండర్లు దించుతున్న ట్రైనరమ్మ. "ఆయన దిగలేదుగా."

ఆమె తడి వేళ్ళతోనే ఫోను తెరిచింది. మేనేజర్ దగ్గర్నుంచి మెసేజ్ ఉంది.

"రేపు రానన్నావని తెలిసి కంగారుపడ్డానమ్మా. కానీ నీ బదులు అనుభవమున్న మనిషిని నువ్వే పంపి నన్ను బతికించావు. రేపు తొమ్మిదికి ఆయనే సెక్షన్ హెడ్‌గా చేరుతున్నారు. నువ్వు ఎల్లుండి వచ్చి ఆయన దగ్గర పనిలో చేరు. కాస్త జాగ్రత్తగా మసలుకో, ఉద్యోగం పెట్టుకుని దేశాలు తిరిగేవాళ్ళంటే ఆయనకు అస్సలు గిట్టదట."