బావ పుట్టుమచ్చ

అక్కా,

నా రాత వంకరటింకర, తప్పులూ ఉంటాయి, మన్నించు. అక్షరాలు మరీ మందంగా ఉన్నాయని నవ్వకు. ఫోనులో నాకు మాట పెగలదని నీకు తెలుసుగా.

“చిన్న ఫొటోలో మీ బావ సరిగా ఆనడం లేదురా, పెద్ద బొమ్మ వేసిపెట్టు” అన్నావు. సరేనన్నాను. చట్రానికి గుడ్డ బిగించి తెల్లరంగు పూశాను. ఆ తెలుపు మీద కుంచె పెట్టాలంటే భయం. పోయిన మనిషి, పోలిక తప్పితే ఏ మొహం పెట్టుకుని నీ ముందుకొస్తాను? మళ్లీ తెల్లరంగే పూశాను. అలా ఏడాది గడిచింది.

నిన్న నీ మరదలు వంటింట్లోంచి వచ్చి, “ఏమయ్యా, ఇంకెన్ని పూతలు? ఈపాటికి ఇల్లంతా సున్నం కొట్టేవాడివి!” అంటూ మసి అంటిన వేలు గుడ్డ మీద నొక్కేసింది. “ఇదిగో, పాడైపోయింది. ఇక భయం దేనికి?”

ఒళ్లు మండింది. తుడవబోయి ఆగాను. బావకి చెవి కింద అలాంటి పుట్టుమచ్చే ఉండేది. మచ్చ పక్కన చెవి గీశాను. చెవి వెంబడి దవడ వచ్చింది. చీకటి పడేసరికి బావ నావైపు చూసి నవ్వుతున్నాడు. ఒక్క పూట పని!

పొద్దున్నే నీకు చెబుదామని ఫోను చేస్తే మేనకోడలు ఎత్తింది. నువ్విప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నావట. కంచం కూడా తడుముకుంటున్నావట. ఫోను పెట్టేశాను.

అందుకే ఇంత మందంగా రాశాను. రంగు ఆరగానే బొమ్మ పట్టుకొస్తాను. ఈ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోకు. నువ్వే చదవగలిగితే, అక్కా, వెంటనే జవాబు రాయి. ఒక్క గీత గీసి పంపినా చాలు.

నీ తమ్ముడు