ఎర్రదారం కట్టిన తుపాకి

మరిది ఫోటోను భర్త హాలు గోడ మీంచి తీసి, షెడ్డులో అచ్చుల బల్లకెదురుగా తగిలించిన రోజే ఆమె గుండెల్లో రాయి పడింది.

సరిగ్గా ఆ ఉదయమే ఫైట్ మాస్టారి మనుషులొచ్చి పని అప్పజెప్పి వెళ్లారు. అంతరిక్ష యుద్ధం సినిమా అట. గ్రహాంతర సైనికులకు నలభై తుపాకులు కావాలట.

ఏడాది కిందట ఆ మాస్టారి షూటింగులోనే, ఫైటరుగా పనిచేసే మరిది తాడు తెగి పడిపోయాడు. “తాడు పాతబడింది మాస్టారూ, మార్పించండి” అని అడిగితే, “భయమైతే ఇంట్లో కూర్చోరా” అన్నాడట ఆయన. సాయంత్రానికి శవం ఇంటికొచ్చింది. మాస్టారు మాత్రం రాలేదు.

“ఆయన పని ఎందుకు ఒప్పుకున్నారండీ?” అని అడిగింది.

“పని పనే” అన్నాడు భర్త. షెడ్డులోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

పెళ్లయిన కొత్తలో ఇలా ఉండేవాడు కాదు. ఓ రోజు ఉన్నట్టుండి ఆమె మీదికి ఇటుక విసిరాడు. ఆమె కెవ్వుమంది. అది భుజానికి తగిలి బంతిలా ఎగిరిపడింది. అన్నదమ్ములిద్దరూ కడుపులు పట్టుకుని నవ్వారు. రబ్బరు ఇటుకలు, రబ్బరు కత్తులు, రబ్బరు సీసాలు. సినిమావాళ్లకు ఆయన పేరే రబ్బరాయన. తమ్ముడు పోయాక ఆ నవ్వూ పోయింది, మాటా పోయింది.

మూడు వారాలు షెడ్డు తలుపు మూసే ఉంది. భోజనం గుమ్మంలో పెట్టి రావడమే. కిటికీలోంచి తొంగి చూస్తే ఒక్క తుపాకి ముందే కూర్చుని కనిపించేవాడు. పోసేవాడు. ఆరాక అచ్చు విప్పి చేత్తో ఊపి చూసేవాడు. పెదవి విరిచి పక్కన పడేసి, మళ్లీ పోసేవాడు. ముప్పై తొమ్మిదీ వారంలో అయిపోయాయి. ఈ ఒక్కదానికే రెండు వారాలు పట్టింది. మధ్యమధ్యలో తలెత్తి తమ్ముడి ఫోటో వైపు చూసేవాడు.

వ్యాను వచ్చిన రోజు, ఆయన సినిమావాళ్లతో ఫోనులో మాట్లాడుతుండగా ఆమె చెవిన పడింది.

“ఎర్రదారం కట్టింది వేరేగా తీసిపెట్టండి. హీరో చేతికి అదే ఇవ్వాలి. మాస్టారి తల మీద పడాల్సింది అదే... ఆఁ, గట్టిగానే కొట్టమనండి. ఒక్కటి చాలు, రెండోది అక్కర్లేదు.”

గ్రహాంతరవాసుల నాయకుడి వేషం మాస్టారే వేస్తున్నాడనీ, హీరో తుపాకి తిరగేసి దాని మడమతో ఆయన తల మీద కొట్టే సీనుందనీ ఆమె విని ఉంది.

భర్త స్నానానికి వెళ్లాడు. డ్రైవరు వీధిలో సిగరెట్టు కాలుస్తున్నాడు. ఆమె చప్పున షెడ్డులోకి దూరింది. తుపాకులన్నీ గుడ్డల్లో చుట్టి, బిగించి కట్టి, పెట్టెల్లో సర్దేసి ఉన్నాయి. ఎర్రదారం మూట ఎత్తింది. చెయ్యి కిందికి లాగేసింది. పక్కది ఎత్తింది. దూదిలా తేలింది.

లోపల ఇనుము పెట్టాడు! ఇంకా అనుమానమెందుకు?

అటు ఆయన కాటికి, ఇటు ఈయన జైలుకి. ఈ ఇంటికి ఒక చావు చాలదూ?

మూట విప్పి చూసే వ్యవధి లేదు. దారం ఊడదీసి, తేలికగా ఉన్న మూటకు కట్టింది. బరువు మూటను పెట్టె అడుక్కి తోసింది. ఎవడో సైనికుడు పట్టుకుని నిలబడతాడు, అంతేగా.

వ్యాను సందు మలుపు తిరిగాక ఆమెకు ఊపిరి ఆడింది. భర్తను పల్లెత్తు మాట అనలేదు. ఆయన్ని కాపాడుకున్నానన్న ధీమాతో రెండు రోజులు కంటినిండా నిద్రపోయింది.

మూడోరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ఆయన విన్నాడు. విన్నవాడు విన్నట్టే గోడకు జారగిలబడ్డాడు.

“మాస్టారు పోయాడటే. ఒక్క దెబ్బకే.”

“ఎర్రదారం కట్టిందే... ఇచ్చారా?”

“దారం చూసే ఇచ్చామంటున్నారు. హీరో చేతులకేమో వేషం తాలూకు మందపాటి గ్లౌజులు, పట్టుకున్నది ఎలాంటిదో తెలియలేదట. దారం కట్టినదాంతో కొడితే చావడం ఎలా కుదురుతుందే?” ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. “మనవాడిలా ఇంకొకడు పోకూడదనే కదా అన్నిసార్లు పోసి, పోసి...”

“ఏమంటున్నారండీ?”

“ఊరికే పట్టుకుని నిలబడేవే కదాని ముప్పై తొమ్మిదీ బోలుగా, గట్టి ఫైబరుతో చేసేశా, నిండా రబ్బరు పోసింది ఆ ఒక్కదానికేనే!”