కాలి అచ్చు

ఆ అడవిలో ఎవరేం చెప్పాలన్నా పెద్దబండ మీద ఎర్రమన్నుతో గీసి, అదే మన్ను కాలికి పూసుకుని కింద ముద్ర వేసేవారు. ఒకసారి ముద్ర పడిందంటే సింహం దిగొచ్చినా చెరపలేదు.

బండ నిండా మాటలే. వాటిలో నచ్చినవి విడిగా దాచుకోవాలని ముంగిసకు కోరిక పుట్టింది.

"ఏది కావాలో చెప్పు, ఆకు మీద రాసిస్తాను. రోజుకు ఒక్కటే అవుతుంది మరి," అంది గిజిగాడి పిట్ట.

పునుగుపిల్లి మెత్తగా నవ్వింది. "నేనైతే అన్నీ ఒక్క పూటలో దాచిపెడతాను ముంగిసన్నా. మైనంలో నీ కాలి అచ్చు ఒకటి తీసి నాకివ్వు, చాలు."

ముంగిసకు ముక్కు అదిరింది. "దాచేది పరాయివాళ్ల మాటలు. దానికి నా కాలెందుకు?"

"అందరూ ఇస్తున్నారన్నా. కుందేలు నిన్ననే ఇచ్చింది."

ముంగిస బండ దగ్గరికి వెళ్లింది. అక్కడ కుందేలు ఏడుస్తూ కూర్చుంది. బండ మీద కొత్త గీతలు ఇంకా ఆరలేదు: "నా బొరియ ఇష్టపూర్తిగా పునుగుపిల్లికి ఇచ్చేశాను." కింద కుందేలు ముద్ర.

"నేను వెయ్యలేదు," అంది కుందేలు.

"కాలు నీదే కదమ్మా. ఎవరు నమ్ముతారు?" అంది ముంగిస.

ముంగిస గిజిగాడి చెట్టు దారి పట్టింది. దారిలో తడిమట్టి కనిపించిన చోటల్లా రాళ్ల మీదుగా దూకుతూ వెళ్లింది.