గోతి మూత మీద తాబేలు

ఏ అడవో ఎవరికీ గుర్తులేదు గానీ, అక్కడ ఎలుగుబంటి వైద్యం చేసేది. పుండ్లు తుడిచిన దూదినంతా గోతిలో వేసి కాల్చాలని, ఇంకెవరూ ముట్టకూడదని ఏనుగు రాజు ఆజ్ఞ. ఆ గోతి మూత మీద తాబేలు కాపలా కూర్చునేది.

ఓ ఉదయం బాలింత ఉడుత పరుగున వచ్చింది. వానకి గూడు తడిసి, కళ్లు తెరవని పిల్లలు చలికి వణుకుతున్నాయి మరి.

"తాతా, అంత మెత్తని దూదిని కాల్చడమెందుకు? గుప్పెడు ఇవ్వు."

"కుదరదమ్మా."

"ఒంటిమీద బొచ్చు లేనివాడివి, చలి సంగతి నీకేం తెలుసు!"

తాబేలుకు కోపం రాలేదు. "నిరుడు ఈ ఆజ్ఞ లేదు తల్లీ. మైనా ఇదే దూది తీసుకెళ్లి గూట్లో పరిచింది. రోగుల జ్వరం పిల్లలకు అంటుకుంది. ఒక్కటీ దక్కలేదు."

ఉడుత గోతి దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. ఉత్త చేతులతో పిల్లల దగ్గరికి ఎలా వెళ్లడం? అక్కడే కూలబడి ఏడ్చింది.

ఏడుపు విని ఎలుగుబంటి బయటికొచ్చింది. సంగతి తెలుసుకుని, తన పొట్ట మీది బొచ్చు రెండు గుప్పిళ్లు పీకింది.

"అబ్బా! ఇదుగో పిల్లా, తీసుకో. ఇందులో రోగం లేదు, మహా అయితే ఓ పేను ఉంటుందంతే."

ఉడుత ఏడుస్తూనే నవ్వింది. పొద్దెక్కేసరికి ఆ నల్లటి బొచ్చులో పిల్లలు వెచ్చగా నిద్రపోయాయి. అంతలో గోతి చుట్టూ ఓ కాకి తచ్చాడుతూ కనిపించింది.

"ఒసేయ్ కాకీ, ముట్టుకోకు! ముందు తాత చెప్పేది విను!" అని కొమ్మ మీంచి కేకేసింది ఉడుత.