ఆదివారం దాకా

గురువారం ఆఖరి పీరియడ్. ఐదో తరగతి పిల్లలకి భిన్నాలు చెబుతూ చెబుతూ లెక్కల టీచరు బోర్డు పట్టుకుని వంగిపోయింది. చేతిలోని మార్కర్ కింద పడి దొర్లిపోయింది.

"మిస్, ఆర్ యూ ఓకే?" ముందు బెంచీ పిల్లలు లేచి నిలబడ్డారు.

"ఏం లేదు. మూడో లెక్క చెయ్యండి," అని కుర్చీలో కూలబడింది. గంట కొట్టేదాకా మళ్ళీ లేవలేదు.

నొప్పి మొదలై రెండు రోజులైంది. వాము నమిలింది. సోడా తాగింది. రూమ్మేట్ వేడినీళ్ళ సీసాతో కాపడం పెట్టింది. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపుకి జరిగి అక్కడే తిష్ఠ వేసింది. వాంతులు కూడా పట్టుకునేసరికి ఇక లాభం లేదని ఆ సాయంత్రం ఇద్దరూ టాక్సీ ఎక్కి కువైట్ శివారు ఫింటాస్‌లోని ఒక చిన్న క్లినిక్‌కి వచ్చారు. రూమ్మేట్ మాత్రం టాక్సీ దిగలేదు.

రిసెప్షన్‌లో సివిల్ ఐడీ, ఇన్సూరెన్సు కార్డు ఇచ్చింది టీచరు. పుట్టిన తేదీ అడిగితే తడుముకోకుండా చెప్పింది. మాస్కు మాత్రం తియ్యలేదు.

"కనకవల్లి! కనకవల్లి!"

నర్సు రెండుసార్లు పిలిస్తేగానీ లేవలేదు. అంత నొప్పిలో ఉన్న మనిషికి చెవులెక్కడ పనిచేస్తాయి!

డాక్టర్ అనంతరామ్‌ది విజయవాడ. పాతికేళ్ళుగా కువైట్‌లోనే ఉంటున్నాడు. "ఎక్కడమ్మా నొప్పి?" అని తెలుగులో అడిగేసరికి టీచరుకి ఏడుపు ఆగలేదు. పరాయి దేశంలో ఒంట్లో బాగోనప్పుడు సొంత భాష వినిపిస్తే ఎంత ధైర్యమో, పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఆయన ఆమెని బల్ల మీద పడుకోబెట్టాడు. నర్సు పక్కన నిలబడింది. కుర్తా మీదినుంచే పొట్ట కుడివైపు కింద నొక్కి, చటుక్కున వదిలాడు. నొక్కినప్పుడు పళ్ళ బిగువున ఓర్చుకున్న మనిషి, వదలగానే కెవ్వుమంది.

"అపెండిక్స్‌లా ఉంది. ఆలస్యం చెయ్యకూడదు. హాస్పిటల్‌కి ఉత్తరం రాసిస్తాను, వెంటనే చేరిపోండి. ఈ రాత్రికే తీసేస్తారు."

"మందులతో తగ్గదా సార్? స్కూల్లో టీచర్ని. ఆదివారం దాకా ఆగితే చాలు."

"ఆదివారం దాకా ఆగితే లోపల పగిలిపోతుంది. ప్రాణం మీదికొస్తుంది. స్కూలు ఎక్కడికీ పారిపోదులెండి. మీతో ఎవరైనా వచ్చారా?"

"రూమ్మేట్ వచ్చింది సార్. బయట టాక్సీలో ఉంది."

"పిలవండి, నేను మాట్లాడతాను."

టీచరు గుమ్మం వైపు ఓసారి చూసింది.

"తను లోపలికి రాలేదు సార్. వర్ష అని, మా స్కూల్లోనే చేస్తుంది. ఇఖామా గడువు అయిపోయి రెండు నెలలైంది, ఇక్కడ ఉండే హక్కు లేదు. స్కూలు వాళ్ళు రెన్యూ చెయ్యలేదు. వేరే స్కూలు వాళ్ళు శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం కాగితాలు పెడతామన్నారు. ఈలోపు ఎక్కడైనా దొరికిందంటే వేలిముద్రలు తీసుకుని ఇండియాకి పంపించేస్తారు. మళ్ళీ రానివ్వరు. అక్కడ వాళ్ళాయనకి వారానికి మూడుసార్లు డయాలిసిస్. తన జీతం మీదే నడుస్తోంది."

"అయ్యో," అన్నాడు డాక్టరు.

"సార్, అలాంటి మనిషికి ఇలాంటి జబ్బే వస్తే? ఆపరేషన్ చేస్తారా?"

"చేస్తారమ్మా. ముందు ప్రాణం కాపాడతారు. ఆ తర్వాత సంగతి పోలీసులు చూసుకుంటారు. ఆమె గొడవ ఇప్పుడెందుకు? మీ ఇఖామా బాగుంది, ఇన్సూరెన్సు ఉంది. అదృష్టవంతులు. ఇంకేంటి భయం?"

టీచరు కళ్ళు మూసుకుంది. కడుపులో మళ్ళీ ఎవరో మెలిపెట్టినట్టయింది. ఊరికాని ఊళ్ళో ఇలా పోతే శవాన్ని పంపడానికి కూడా కాగితాలు కావాలి. బతకాలనిపించింది. చాలా గట్టిగా అనిపించింది.

"సరే సార్. రాయండి," అంది.

అనంతరామ్ కంప్యూటర్ వైపు తిరిగి పాత ఫైలు తెరిచాడు. చదువుతూ చదువుతూ ఆగాడు. మొహం ఒక్కసారిగా విప్పారింది.

"ఎంత భయపెట్టారండీ! మూడేళ్ళ కిందటే మీ అపెండిక్స్ తీసేశారుగా! మా క్లినిక్ నుంచే పంపారు. నేను సెలవులో ఉన్నట్టున్నాను. ఇదిగో, ఆపరేషన్ రిపోర్టు కూడా ఉంది. మర్చిపోయారా?"

టీచరు నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అంతలో బయట టాక్సీలో కూర్చున్న మనిషి గుర్తొచ్చింది. తను నోరు విప్పితే ఆమె పనీ అయిపోతుంది. వచ్చిన మాటని మింగేసింది.

"మర్చిపోయాను సార్."

"భలేవారే! లేనిదానికి నొప్పేంటండీ? గ్యాస్ అయ్యుంటుంది. లేదంటే కండరం పట్టేసి ఉంటుంది. ఇంజెక్షన్ చేయిస్తాను, మజ్జిగన్నం తినండి. మీరన్నట్టే ఆదివారం దాకా చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే రండి, స్కాన్ తీద్దాం."

హాస్పిటల్‌కి రాస్తానన్న ఉత్తరం రాయలేదు. ఆమె చేతికి మందుల చీటీ వచ్చింది.

ఇంజెక్షన్‌కి నొప్పి కాస్త మందగించింది. ఒళ్ళు మాత్రం చలితో వణుకుతోంది. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ టీచరు రోడ్డు మీదికి వచ్చింది.

టాక్సీ తలుపు తీసి ఆమెని పొదివి పట్టుకుని కూర్చోబెట్టిన రూమ్మేట్, ఆమె చేతిలోని సివిల్ ఐడీ తీసుకుని తన పర్సులో పెట్టుకుంటూ ఆత్రంగా అడిగింది: "ఏమన్నాడే డాక్టరు, వర్షా?"