గాయాలు మాన్పే గిన్నె

"ఇది ఎలాంటి గాయాన్నైనా మాన్పే గిన్నె. నా చేత్తో చేశాను. వెయ్యి బంగారు నాణేలకు తగ్గేది లేదు," అన్నాడు రీస్, ఆసుపత్రి మంచంమీద దిండుకు ఆనుకుని.

హోబార్ట్‌లో రీస్, అతని అక్క మోయిరా చిన్నప్పటినుంచీ తలో పాత్ర కట్టి ఆడుకునే పాచికల ఆట అది. ఆటలో రీస్ మంత్రాల కమ్మరి. అతను చేసినవాటికి వెలకట్టే వర్తకుడి మాటలు మోయిరావి.

"సరే, ఇస్తాను," అంది మోయిరా.

రీస్ పాచికలు కింద పెట్టేశాడు. "అదేంటక్కా? మొన్న నా కత్తికి బొగ్గు ఖర్చు కూడా రాదన్నావు. ఆ పిసినారి వర్తకుడికి ఇవాళ ఏమొచ్చింది?"

"గిన్నె బాగుంది కదరా."

"పొద్దున డాక్టరు నిన్ను బయటికి పిలిచి ఏం చెప్పాడు?"

మోయిరా తల వంచుకుని, సర్దిన ఆటబొమ్మల్నే మళ్లీ సర్దింది. రీస్‌కి ఇంక అడగాల్సిందేమీ లేకపోయింది.

"జాలిపడి కొనకక్కా," అన్నాడు. "ఎప్పట్లాగే తిట్టి బేరమాడు."

ఆమె మళ్లీ వర్తకుడి గొంతు పెట్టింది. "ఈ సొట్ట గిన్నెకి వెయ్యా? మూడొందలు. ఇష్టమైతే ఇవ్వు, లేదంటే మోసుకుపో."

"ఎక్కడికని మోసుకుపోను?" అన్నాడు రీస్. "మూడొందలకే ఉంచుకో."